కర్ర బరువు, చేతి బలం

పనిముట్టు ఎంత బరువైతే పని అంత బాగా జరుగుతుందన్న నమ్మకం లోకంలో చాలా పాతది. పెద్ద సమ్మెట పట్టినవాడే పెద్ద దెబ్బ కొట్టగలడని దూరం నుండి చూసేవారికి తోచడం సహజం. ఫోర్జ్ షాపులో ఇరవై ఏళ్లు చెమటోడ్చిన మిత్రుణ్ణి అడిగి చూడండి. ఏ పనికి ఏ సమ్మెట, ఏ చేతికి ఎంత బరువు అన్నది తెలియనివాడు రెండు గంటలలో భుజం పట్టుకొని కూర్చుంటాడని ఆయన నవ్వుతూ చెబుతాడు. ఆటలలో వాడే పనిముట్లకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందని మా టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో జరిగిన ఒక చర్చ వలన మాకు మరింత స్పష్టంగా బోధపడింది. ఆ చర్చ సారాంశాన్ని, దాని వెంట మేము చేసిన చిన్న పరిశీలనను పాఠక మిత్రులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం పైకి చాలా స్వల్పమైనది. క్లబ్బులోని పూల్ టేబుల్‌కు ప్రత్యేకంగా ఒక బ్రేక్ క్యూ కొనాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం జరిగింది. సభ్యుల చందాల నుండి ఒక్క క్యూకు సరిపడా సొమ్ము కేటాయించారు. ఎంత బరువున్న క్యూ కొనాలన్న నిర్ణయాన్ని ఇండోర్ క్రీడల ఉపసంఘంలో ఉన్న మాకు వదిలిపెట్టారు. కర్ర ఒక్కటి, ఆడేవారు నలభైమంది. వారిలో రిగ్గింగ్ పనిలో ఆరితేరిన బలిష్ఠులు ఉన్నారు. లెడ్జర్ల ముందు కూర్చునే సన్నని చేతులవారు ఉన్నారు. పదవీ విరమణకు చేరువైన పెద్దలు ఉన్నారు. కాలేజీలో చదువుకుంటున్న ఉద్యోగుల పిల్లలు ఉన్నారు. కర్ర బరువును నిర్ణయించడమంటే, ఆ టేబుల్ దగ్గర మొదటి దెబ్బ ఎవరు కొట్టగలరో, ఎవరు పక్కకు తప్పుకోవాలో నిర్ణయించడమేనని మాకు క్రమంగా అర్థమైంది.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు. పూల్ టేబుల్‌కు ఆరు పాకెట్లు ఉంటాయి. మా టేబుల్ తొమ్మిది అడుగులది. అందులో ఆడే స్థలం పొడవు 100 అంగుళాలు, వెడల్పు 50 అంగుళాలు. ఎయిట్ బాల్ అనే ఆటలో 15 రంగు బంతులను త్రికోణపు చట్రంలో ఒకదానికొకటి ఆనించి పేరుస్తారు. ఎదుటి వైపు నుండి తెల్ల బంతిని కొట్టి ఆ గుంపును చెదరగొట్టడమే బ్రేక్. అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్రేక్ చెల్లాలంటే కనీసం ఒక బంతి పాకెట్‌లో పడాలి. లేదా కనీసం నాలుగు రంగు బంతులు అంచు కుషన్లను తాకాలి. ఈ రెండూ జరగకపోతే ఆట ఎలా సాగాలన్న ఎంపిక ప్రత్యర్థి చేతిలోకి పోతుంది. కాబట్టి బ్రేక్ బలహీనమైతే నష్టం అప్పుడే మొదలవుతుంది. అలాగని బ్రేక్ బాగా కొట్టినంత మాత్రాన గెలుపు ఖాయం కాదు. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా!

మా క్లబ్బులోని పెద్దలలో చాలామంది స్నూకర్ ఆడి పెరిగినవారు. స్నూకర్ మన దేశంలో పుట్టిన ఆట. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో అది రూపుదిద్దుకొన్నదని, తరువాత ఊటీ క్లబ్బులో దాని నియమాలు స్థిరపడ్డాయని చరిత్ర చెబుతున్నది. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ ఛాంపియన్‌గా నిలిచి దేశానికి కీర్తి తెచ్చారు. ఆ తరువాత మైకేల్ ఫెరీరా, గీత్ సేఠీ వంటి వారు ఆ బాటలో నడిచారు. 2006లో దోహా, 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో బిలియర్డ్స్ స్వర్ణాలు సాధించిన పంకజ్ అడ్వాణీ ప్రభుత్వ రంగ సంస్థ అయిన ఓఎన్‌జీసీలో ఉద్యోగిగా కూడా మనకు ఆత్మీయులే.

అయితే స్నూకర్ బ్రేక్‌కు, పూల్ బ్రేక్‌కు పోలిక లేదు. స్నూకర్‌లో మొదటి దెబ్బ మెత్తనిది. గుంపు అంచును సుతారంగా తాకించి తెల్ల బంతిని వెనక్కు తెచ్చుకోవడమే అక్కడ నేర్పు. పూల్‌లో గుంపును పూర్తిగా చెదరగొట్టాలి. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు కాగా పూల్ బంతిది 57 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు కూడా ఎక్కువ. స్నూకర్ క్యూ కొస సన్నగా, 9 లేదా 10 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి ఇత్తడి తొడుగు ఉంటుంది. అటువంటి సున్నితమైన కర్రతో పూల్ బ్రేక్ కొడితే కొస పాడవుతుంది. పూల్ క్యూ కొస 12, 13 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పూల్‌లో కూడా రోజూ ఆడే క్యూ కొసను కాపాడుకోవడానికే బ్రేక్ కోసం వేరే క్యూ ఉంచుకోవడం అలవాటైంది.

ఇక మా క్లబ్బులో చర్చ రెండు పక్షాలుగా చీలింది. మొదటి పక్షానికి మా రిగ్గింగ్ మిత్రుడు నాయకుడు. "బరువుంటేనే కదండీ బంతులు చెదిరేది! 21 ఔన్సులకు తగ్గితే అది బ్రేక్ క్యూయే కాదు" అని ఆయన వాదన. నియమాలు 25 ఔన్సుల వరకు అనుమతిస్తున్నప్పుడు ఆ గరిష్ఠ పరిమితికే వెళ్దామని మరొక సభ్యుడు ఉత్సాహపడ్డాడు. రెండవ పక్షంవారు 18 ఔన్సులు చాలునన్నారు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అని వారి సమర్థన. ఔన్సులు అలవాటులేని పాఠకులకు లెక్క ఇది: ఒక ఔన్సు 28 గ్రాముల పైచిలుకు. 18 ఔన్సులంటే 510 గ్రాములు, 19 అంటే 539, 20 అంటే 567, 21 అంటే 595 గ్రాములు. 25 ఔన్సుల క్యూ దాదాపు 709 గ్రాములు తూగుతుంది. సామాన్యంగా పూల్ క్యూలు 18 నుండి 21 ఔన్సుల మధ్యనే దొరుకుతాయి.

ఈ వాదన కేవలం ముచ్చటగా మిగిలిపోకపోవడానికి ఒక కారణం ఉన్నది. ఆ సంవత్సరం మా వార్షిక పోటీలలో కుటుంబ సభ్యులు కూడా పాల్గొనే డబుల్స్ విభాగం పెట్టారు. మెషిన్ షాపు సీనియర్ ఫోర్‌మన్ గారు, స్టోర్స్ విభాగంలోని ఒక మిత్రుని కుమార్తె జంటగా పేరు ఇచ్చారు. ఫోర్‌మన్ గారికి అది సర్వీసులో చివరి సంవత్సరం. ముప్పై ఏళ్లుగా సాయంకాలం షిఫ్టు లేని ప్రతి రోజూ ఆయన క్లబ్బుకు వచ్చేవారు. కొంతకాలంగా కుడి భుజం బిగుసుకుపోయి, చేయి వెనక్కు పూర్తిగా రావడం లేదు. ఆ అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆట నేర్చి ఏడాదిన్నర అయింది. చూపు నిశితమైనది, చెయ్యి సన్ననిది. క్లబ్బులో ఉన్న బరువైన క్యూలతో ఆ ఇద్దరిలో ఎవరు బ్రేక్ కొట్టినా నాలుగు బంతులు కుషన్‌ను తాకడం కష్టంగా ఉండేది.

ఒక సభ్యుడు మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పాడు. బలం చాలని జంటలకు బ్రేక్ మాత్రం వేరొకరు కొట్టిపెట్టే ఏర్పాటు చేద్దామన్నాడు. ఫోర్‌మన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆట మొదలుపెట్టడం కూడా ఇంకొకరి చేత చేయిస్తే, ఇక నేను కూర్చుని చూస్తే సరిపోతుంది కదండీ" అన్నారు. మాటలో కోపం లేదు. అందుకే అది అందరికీ మరింత బాగా తగిలింది. ఆ అమ్మాయి మాత్రం, "అంకుల్, ఏ కర్ర నా చేతికి సరిపోతుందో ఒకసారి చూడనివ్వండి. కుదరకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అన్నది. ఆ మాటతోనే మా పరిశీలన మొదలైంది.

ముందుగా కాగితం మీద లెక్క వేశాం. మనది కర్మాగారం కాబట్టి లెక్క కట్టగల ఇంజినీర్లకు కొదువ లేదు. కదులుతున్న క్యూ నిలిచి ఉన్న బంతిని తాకినప్పుడు బంతికి వచ్చే వేగం రెండు విషయాలపై ఆధారపడుతుంది. మొదటిది క్యూ వేగం. రెండవది క్యూ బరువును, క్యూ బంతి కలిసిన మొత్తం బరువుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. తెల్ల బంతి ఐదున్నర నుండి ఆరు ఔన్సులు తూగుతుంది. ఆరు ఔన్సులనే తీసుకుందాం. క్యూ 19 ఔన్సులైతే నిష్పత్తి 19కి 25, అంటే 0.76. క్యూ 21 ఔన్సులైతే 21కి 27, అంటే సుమారు 0.78. క్యూ వేగం మారదనుకుంటే, రెండు ఔన్సులు పెంచినందుకు బంతి వేగం రెండు శాతం పైచిలుకు పెరుగుతుంది. ఏకంగా 25 ఔన్సులకు వెళ్తే కర్ర బరువు మూడో వంతుకు దగ్గరగా పెరుగుతుంది. బంతి వేగం మాత్రం ఆరు శాతమే పెరుగుతుంది. 19 నుండి 18కి దిగితే పోయేది ఒకటింబావు శాతం.

మరి చేతి వేగం ఐదు శాతం పెరిగితే? బంతి వేగం కూడా ఐదు శాతం పెరుగుతుంది. శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది పది శాతం పెరుగుతుంది. దీనినిబట్టి బరువు కన్నా వేగానికే ప్రాధాన్యం ఎక్కువని తేలింది. ఈ లెక్క చూసి 18 ఔన్సుల పక్షంవారు చప్పట్లు కొట్టారు.

అయితే ఆ ఆనందానికి కూడా హద్దు ఉన్నది. దెబ్బ కొట్టేటప్పుడు కదిలేది కర్ర ఒక్కటే కాదు. దానితోపాటు మన ముంజేయి, అరచేయి కూడా కదులుతాయి. ఆ రెండూ కలిసి శరీర బరువులో సుమారు రెండు శాతం ఉంటాయి. 65 కిలోల మనిషికి అది కిలో పైచిలుకు. ఆ కిలో పైచిలుకుతోపాటు అరకిలో కర్రను ఊపుతున్నప్పుడు, కర్రలో 28 గ్రాములు తగ్గించినంత మాత్రాన చెయ్యి రెక్కలు కట్టుకొని ఎగరదు. అంటే బరువు పెంచినా తగ్గించినా వేగంలో కనిపించే తేడా చిన్నదే. అందుచేత ఫలితాన్ని తేల్చేది మూడవ విషయం: దెబ్బ సూటిగా పడుతున్నదా లేదా అన్నది.

తెల్ల బంతిని ఉంచే గీత నుండి గుంపులోని మొదటి బంతికి దూరం మా టేబుల్ మీద 50 అంగుళాలు, అంటే 127 సెంటీమీటర్లు. బంతి వ్యాసం తీసివేస్తే తెల్ల బంతి ప్రయాణించేది సుమారు 121 సెంటీమీటర్లు. ఇంత దూరంలో దెబ్బ ఒక సెంటీమీటరు పక్కకు తగలాలంటే గురి అర డిగ్రీ తప్పితే చాలు. ఒంటరి బంతిని కొట్టినట్టుగా లెక్క చూస్తే, ఒక సెంటీమీటరు తేడాకు తెల్ల బంతి తన వేగంలో ఆరో వంతును పక్కదారిన తీసుకుపోతుంది. రెండు సెంటీమీటర్లైతే మూడో వంతును తీసుకుపోతుంది. శక్తిలో పన్నెండు శాతం రంగు బంతికి చేరకుండానే పోతుంది. రెండు ఔన్సులు పెంచి సంపాదించినదంతా రెండు సెంటీమీటర్ల తప్పుతో పోవడమే కాక, దారి తప్పిన తెల్ల బంతి పక్క పాకెట్‌లో పడే ప్రమాదం కూడా ఉన్నది. అదే సూటిగా తగిలితే తెల్ల బంతి టేబుల్ నడుమ ఆగుతుంది. తరువాతి దెబ్బకు దారి కనిపిస్తుంది.

కాగితం లెక్క ఎంత చక్కనిదైనా టేబుల్ మీద చూడనిదే మనవారు ఒప్పుకోరు. అందుచేత క్లబ్బులో ఉన్న క్యూలలో నాలుగింటిని ఎంచుకున్నాం. వెనుక భాగంలో ముద్రించిన అంకెలను నమ్మకుండా వాటిని టపా విభాగంలోని తూకం మీద పెట్టి చూశాం. ఇరవై అని ముద్ర ఉన్న ఒక కర్ర పందొమ్మిదికి కొంచెం పైన మాత్రమే తూగింది. తూకం తేల్చిన తరువాత అంకెలపై నల్ల టేపు అంటించి, రంగు చుక్కలు పెట్టాం. ఏ చుక్క ఎంత బరువో ఆడేవారికి చెప్పలేదు. బరువైనదని తెలిస్తే చెయ్యి గట్టిగా కొడుతుంది, తేలికైనదని తెలిస్తే తొందరపడుతుంది. మనసు చేసే ఈ మాయను తప్పించాలనే ఆ ఏర్పాటు.

వేగం కొలవడానికి పెద్ద పరికరాలేవీ అవసరం కాలేదు. ఈ రోజు అందరి చేతుల్లోనూ ఉన్న సెల్‌ఫోన్‌లో శబ్దాన్ని రికార్డు చేశాం. క్యూ తెల్ల బంతిని తాకినప్పుడు ఒక చప్పుడు, తెల్ల బంతి గుంపును తాకినప్పుడు మరొక చప్పుడు వస్తాయి. రెండింటి మధ్య వ్యవధి 0.15 సెకన్లైతే, 121 సెంటీమీటర్ల దూరాన్నిబట్టి బంతి వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లు. వ్యవధి 0.14 సెకన్లైతే 31 కిలోమీటర్లు. శబ్దపు గీతను తెరపై పెద్దది చేసి చూస్తే ఈ తేడాను తేలికగా గుర్తించవచ్చు. దూరం మారకుండా తెల్ల బంతిని ప్రతిసారీ గీత నడిమి చుక్క మీదనే ఉంచాం. ప్రతి ఒక్కరూ ఒక్కొక్క కర్రతో పది దెబ్బలు కొట్టారు. అలసట ఒక కర్రకే నష్టం చేయకుండా మూడు సాయంత్రాలు క్రమం మార్చి కొట్టించాం. వేగంతోపాటు ఎన్ని బంతులు కుషన్‌ను తాకాయి, తెల్ల బంతి ఎక్కడ ఆగింది అన్నవి కూడా నోటు పుస్తకంలో రాసుకున్నాం.

ఫలితాలు ఏ పక్షాన్నీ పూర్తిగా గెలిపించలేదు. రిగ్గింగ్ మిత్రునికి నాలుగు కర్రలతోను వేగం దాదాపు సమానంగానే వచ్చింది. అయితే 21 ఔన్సుల దానితో ఆయన దెబ్బ మరింత నిలకడగా సాగింది. బరువు ఆయన చేతిలోని తొందరను అదుపు చేసినట్లు కనిపించింది. అకౌంట్స్ విభాగం మిత్రునికి 18 ఔన్సులతో వేగం పెరిగింది కానీ గురి చెదిరింది. 19తో రెండూ కుదిరాయి. తనకు నచ్చిన కర్ర ఏ రంగు చుక్కదో చెప్పమంటే, 25 ఔన్సులు కొందామన్న సభ్యుడు చూపినది 19 ఔన్సుల కర్ర. టేపు తీసి చూపినప్పుడు ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు.

ఆ అమ్మాయి విషయంలో తేడా అందరికన్నా స్పష్టంగా కనిపించింది. 21 ఔన్సుల కర్ర పట్టినప్పుడు వెనుక చెయ్యి బరువుకు కిందికి జారి, కర్ర కొస పైకి లేచి, తెల్ల బంతి గాలిలో ఎగిరేది. 18తో కర్ర సమతలంగా సాగింది, వేగం పెరిగింది, పదింటిలో ఎక్కువసార్లు బ్రేక్ చెల్లింది. ఫోర్‌మన్ గారి కథ వేరు. భుజం కారణంగా ఆయన చేయి వెనక్కు వెళ్లే దూరం తక్కువ. ఆ కొద్ది దూరంలో బరువైన కర్ర వేగం అందుకోలేకపోయింది. మరీ తేలికైనది ఆయన చేతిలో వణికింది. 19 ఔన్సుల కర్రతో, మోచేతి కింది భాగం మాత్రమే కదిలేలా కొట్టిన దెబ్బలకు వేగం గొప్పగా లేకపోయినా, ప్రతి దెబ్బా గుంపు నడినెత్తిన పడింది. కుషన్‌ను తాకిన బంతులను వేళ్లతో లెక్కపెడుతూ ఆయన ఐదు అని చెప్పినప్పుడు ఆ గదిలో వినిపించిన చప్పట్లు మాకు ఈనాటికీ గుర్తే.

ఇంతకూ ఏమి కొన్నాం? వెనుక భాగంలో బరువు బోల్టు మార్చుకోగల క్యూను కొన్నాం. ఇటువంటి క్యూలకు కింద రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని లోపల ఒక లోహపు బోల్టు ఉంటుంది. పొడవాటి అలెన్ కీతో ఆ బోల్టును తీసి వేరొక బరువుది బిగించుకోవచ్చు. మా క్యూను 18 నుండి 21 ఔన్సుల వరకు మార్చుకోవచ్చు. అలెన్ కీని టూల్ రూమ్ మిత్రులు సమకూర్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బోల్టు మార్చితే బరువు మాత్రమే కాదు, కర్ర తుల్యస్థానం కూడా మారుతుంది. సామాన్యంగా 58 అంగుళాల క్యూను వేలి మీద నిలబెడితే అది వెనుక కొస నుండి 18, 19 అంగుళాల దగ్గర తూకంగా నిలుస్తుంది. 19 ఔన్సుల క్యూకు అడుగున రెండు ఔన్సులు చేర్చితే ఆ స్థానం లెక్క ప్రకారం సుమారు ఒకటిన్నర అంగుళం వెనక్కు జరుగుతుంది. అప్పుడు ముందుభాగం తేలికై, కొస లేచిపోయే అవకాశం ఉంటుంది. కాబట్టి బరువు పెంచినప్పుడు పట్టు కూడా కొద్దిగా వెనక్కు జరుపుకొని, పది దెబ్బలు కొట్టి చూసిన తరువాతనే అది తనకు నప్పిందో లేదో నిర్ణయించుకోవాలి. కొస బిళ్ల సంగతి కూడా మరువరాదు. బ్రేక్‌కు గట్టి బిళ్ల మంచిది. మెత్తని తోలు బిళ్ల దెబ్బలోని శక్తిని కొంత మింగివేస్తుంది. అయితే బయటి పోటీలకు వెళ్లేవారు అక్కడి నియమాలు ఏ రకం బిళ్లను అనుమతిస్తాయో ముందే చదువుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవారికి మా అనుభవంలో తేలిన సలహా ఇది. రోజూ ఆడే క్యూ బరువుతోనే బ్రేక్ మొదలుపెట్టండి. ముందు సగం బలంతో కొట్టి, తెల్ల బంతి టేబుల్ నడుమ ఆగే వరకు అభ్యాసం చేయండి. ఆ తరువాత బలం పెంచండి. ఎక్కడ గురి చెదరడం మొదలవుతుందో అక్కడ ఆగి, ఒక ఔన్సు తగ్గించి, ఒక ఔన్సు పెంచి, మూడింటినీ పోల్చి చూడండి. గురి చెదరకుండా మీ చెయ్యి అత్యధిక వేగం అందుకోగలిగిన బరువే మీ బరువు. పక్కవారి అంకెను అనుకరించకండి. భుజంలోనో మణికట్టులోనో నొప్పి ఉంటే కర్ర మార్చడం కన్నా ముందు వైద్యుని సలహా తీసుకోండి.

వార్షిక పోటీలలో ఫోర్‌మన్ గారి జంట సెమీ ఫైనల్‌లో ఓడిపోయింది. అయితే తమ వంతు వచ్చిన ప్రతి బ్రేక్‌నూ వారిద్దరే కొట్టారు. ఒక బ్రేక్‌కు ఆమె, మరొక బ్రేక్‌కు ఆయన. మధ్యలో బోల్టు మార్చే పనిని మా రిగ్గింగ్ మిత్రుడు తానే అడిగి తీసుకున్నాడు. అలెన్ కీ చేత పట్టుకొని ఆ మధ్యాహ్నమంతా టేబుల్ పక్కనే నిలబడ్డాడు. బ్రేక్ వేరొకరు కొట్టిపెట్టాలన్న ప్రతిపాదనను మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పది మంది వాడే వస్తువును కొనేటప్పుడు బలవంతుని చేతికి కొలత తీసుకోవడం తేలిక. ఆయన గొంతు కూడా పెద్దదే కాబట్టి తీర్మానం త్వరగా ఆమోదం పొందుతుంది. కానీ కాంటీన్‌లో బల్ల ఎత్తు మొదలుకొని షాపులో చేతి పనిముట్ల వరకు, ఉమ్మడి వస్తువుకు కొలత తీసుకోవలసింది దానిని వాడబోయే అందరి చేతుల నుండి. అలా కొలత తీసుకుంటే బలవంతునికి కలిగే నష్టమేమీ లేదని మా రిగ్గింగ్ మిత్రుని 21 ఔన్సుల బోల్టే సాక్ష్యం చెబుతున్నది.

ఇప్పుడు క్యూ స్టాండు పక్కన ఒక అట్ట వేలాడుతున్నది. దాని మీద సభ్యుల పేర్లు, ఒక్కొక్కరికి నప్పిన బోల్టు వివరం రాసి ఉన్నాయి. పదవీ విరమణ చేసినా ఫోర్‌మన్ గారి పేరు అందులో ఉన్నది. ఆయన టౌన్‌షిప్‌కు వచ్చినప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు. కింద ఇంకా చాలా గీతలు ఖాళీగా ఉన్నాయి. ఉద్యోగుల కుటుంబాలలో ఆసక్తి ఉన్న వారు, ముఖ్యంగా అది బలవంతుల ఆట అనుకొని ఇంతవరకు దూరంగా ఉన్న వారు, ఒక సాయంత్రం వచ్చి తమ చేతికి తగిన బరువును తూచుకొని ఆ గీతలలో తమ పేరు రాసుకోవాలని మా కోరిక.